భాషాశాస్త్రం ఎంఏ: చిదంబరమా, హైదరాబాదా?

చెన్నైలో డిగ్రీ అయ్యాక భాషాశాస్త్రం చదవాలనుకునే మన తెలుగు పిల్లలు ఎక్కువగా ఊగిసలాడేది రెండింటి మధ్య: చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం).

దూరం చూస్తే చిదంబరమే నయం. పొద్దున్నే ఎగ్మూరులో రైలెక్కితే మధ్యాహ్నానికల్లా దిగొచ్చు. అసలు తేడా చదువు తీరులో ఉంది. 'రాజు తను వస్తానని చెప్పాడు' అంటాం కదా. 'తను' ప్రథమ పురుష, క్రియేమో ఉత్తమ పురుషలో 'వస్తాను'. ఇదెలా కుదురుతుందో వాక్యనిర్మాణ సిద్ధాంతంతో తవ్వాలనుంటే ఇఫ్లూకే వెళ్లాలి, అమెరికన్ భాషావేత్త చామ్‌స్కీ తరహా సిద్ధాంతంలో అక్కడ గట్టి పునాది పడుతుంది. అదే వాక్యాన్ని చెన్నై చూళైలోని తెలుగు ఇళ్లలో ఎలా అంటున్నారో రికార్డు చేసి, తమిళంతో పోల్చాలనుంటే అన్నామలై. ద్రావిడ భాషల అధ్యయనం దాని బలం.

లెక్చరర్ ఉద్యోగాలకు అర్హత పరీక్ష యూజీసీ నెట్ ఎక్కడ చదివినా రాయొచ్చు, ఆ టెన్షన్ వద్దు.

నా ఓటు చిదంబరానికే. తెలుగు, తమిళం ఒకే కుటుంబమని 1816లో అప్పటి మద్రాసు కలెక్టరు ఎల్లిస్ చూపించింది ఈ మద్రాసులోనే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే పిల్లలకు అలాంటి పరిశోధనకు కావలసిన సరుకు చేతిలోనే ఉంది. ముందు దాన్ని సేకరించనివ్వండి, సిద్ధాంతం లోతులు పీహెచ్‌డీలో చూసుకోవచ్చు.