గంటంపావు విమానం, ఆరు గంటల ప్రయాణం

సింహాచలం అప్పన్న దర్శనం అమ్మకు పాత మొక్కు. మోకాళ్ల నొప్పులతో రాత్రంతా బెర్తు మీద పడుకుని ప్రయాణం చేయడం ఆమెకు కష్టం. అందుకని వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు వందేభారత్ అనుకున్నాం. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారికి పనికొస్తుందని మా అనుభవం రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన సుమారు 510 కిలోమీటర్లు. దాదాపు నేరుగా తూర్పుకే. రైలుకు ఆ దారి లేదు, మధ్యలో తూర్పు కనుమలు అడ్డం. వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడకు దిగి, అక్కడి నుంచి కోస్తా వెంట ఈశాన్యానికి మళ్లాలి. అలా 700 కిలోమీటర్లవుతుంది.

టికెట్టు మీద విమాన సమయం గంటంపావు. కానీ మేము తార్నాకలో ఇల్లు కదిలింది ఉదయం 5 గంటలకు. శంషాబాద్ చేరడానికి గంట పట్టింది, తనిఖీలు, ఎదురుచూపులతో మరో రెండు గంటలు. విమానం 8:20కి లేచి 9:35కి దిగింది. చక్రాల కుర్చీ కావాలని ముందే చెప్పినా, విశాఖలో అది వచ్చేసరికి పాతిక నిమిషాలైంది. అంతసేపూ అమ్మ విమానం తలుపు దగ్గరే గోడకు ఆనుకుని నిలబడింది. నాకు నిజంగా బాధ కలిగింది. ఆర్‌కే బీచ్ దగ్గరి బసకు చేరేసరికి 10:50. అదీ విమానాశ్రయం ఊళ్లోనే ఉండబట్టి. విమానాలు భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి మారితే ఈ లెక్కకు మరో గంట కలుపుకోవలసిందే.

బస గురించి ఒక్కమాట. లిఫ్టు ఉందన్నారు, ఉంది కూడా. కానీ దాన్ని అందుకోవడానికే ఎనిమిది మెట్లెక్కాలి. గది తీసుకునే ముందు మెట్ల సంగతి విడిగా అడగండి.

తిరుగు ప్రయాణం ఉదయం 5:45కు. సికింద్రాబాద్‌కు మధ్యాహ్నం 2:15. రెండు చోట్లా ఆటో ప్రయాణం కలిపినా పది గంటలు. అంటే విమానంతో మిగిలింది నాలుగు గంటలే, ఖర్చేమో రెండింతలు దాటింది. రైల్లో అమ్మ గంటకోసారి లేచి, సీట్లు పట్టుకుంటూ నాలుగడుగులు వేసింది. కాళ్లు పట్టేయలేదు. ఉప్మా మాత్రం చల్లారిపోయి వచ్చింది.

రాజమహేంద్రవరం దగ్గరికి వస్తున్నామనగానే అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. ఈ రైలు కిటికీలు తెరుచుకోవని నేను చెప్పలేకపోయాను. వంతెన ఎక్కాక ఆమే అద్దాన్ని ఒకసారి తడిమి చూసింది. బిళ్లను గుప్పిట్లో పెట్టుకుని, ఆ చేత్తోనే గోదారమ్మకు దణ్ణం పెట్టింది. వెళ్లేటప్పుడు విమానం నుంచీ ఈ నదిని చూశాం, కొండల నడుమ సన్నని వెండి తీగలా. అప్పుడు అమ్మ చేయెత్తలేదు. అది గోదావరేనంటే నమ్మలేదు.

ఆ రూపాయి ఇప్పుడు మా దేవుడి గూట్లో ఉంది. కార్తికంలో రాజమహేంద్రవరంలో దిగి, పుష్కరఘాట్‌లో తన చేత్తోనే వేస్తానంటోంది. పోనూ రానూ రైలుకే టికెట్లు తీసుకున్నాను.