బరంపురంలో మా పాపకి సరిపడిన బడి

నడవలేని, చూపు సరిగా ఆనని, మాట రాని పిల్లకి బడి వెతుక్కుంటున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్నా, ఈ విషయంలో ఒక ఇంట్లో తెలిసింది పక్కింటికి చేరదు. మేము చేర్చిన బడి బరంపురంలోనే ఉంది. చిన్న బడి. పిల్లల వివరాలు బయటికి వెళ్ళకూడదని వాళ్ళు చాలా జాగ్రత్తగా ఉంటారు, అందుకే పేరు రాయడం లేదు. జిల్లా సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అడిగితే ఇక్కడి స్పెషల్ స్కూళ్ళ సంగతి చెబుతారు. పేరు కంటే అక్కడ ఏం జరుగుతుందో చెప్పడం ముఖ్యం అనిపించింది. అది తెలిస్తే మీ ఊళ్ళో బడిని మీరే తూచి చూసుకోగలరు.

మా చిట్టికి తొమ్మిదేళ్ళు. పుట్టగానే ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్ళూచేతులు స్వాధీనంలో ఉండవు అన్నారు, తర్వాత ఫిట్స్ మొదలయ్యాయి. కళ్ళలో లోపం లేదు కానీ కళ్ళు చూసినదాన్ని మెదడు సరిగా అందుకోదు. దీన్ని సీవీఐ అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. అందులో ఒకటికి మించి ఉన్న పిల్లలు బహుళ వైకల్యం కిందికి వస్తారు. చట్టంలో చోటుంది, బడిలోనే ఉండదు. మేము పడిన బాధంతా అదే.

చూపు లేని పిల్లల బడికి వెళితే, "నడవదు కదమ్మా, ఎవరు ఎత్తుతారు?" అన్నారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడికి వెళితే, చూపు లేని పిల్లకి చెప్పే ట్రైనింగ్ మా టీచర్లకి లేదన్నారు. మా వీధి చివర మామూలు బడిలో పేరు రాసుకున్నారు, హాజరు వేస్తాం, పాపని ఇంట్లోనే ఉంచుకోండి అన్నారు. ప్రతి ఒక్కరూ పిల్లలో ఒక ముక్కని చూసి, మిగతా ముక్కల కోసం ఇంకో చోటికి పొమ్మన్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు, దగ్గర్లోని బడిలో గానీ తనకి నచ్చిన స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కుందని 2016 చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే వీలు కూడా విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చింది. కానీ ఇంటి చదువు కావాలో వద్దో మనం చెప్పాలి. వద్దని పంపేయడానికి బడికి అది దారి కాకూడదు. పైగా ఇంటి చదువంటే టీచర్ ఇంటికి రావాలి. రిజిస్టర్లో పేరు ఉన్నంతమాత్రాన చదువు అయిపోదు.

మా తమ్ముడు ఇచ్ఛాపురంలో ఉంటాడు. "అక్కా, ఇటు తీసుకొచ్చేయ్. ఇక్కడ భవిత సెంటర్ ఉంది, అంతా తెలుగులోనే చెబుతారు" అన్నాడు. వాడి మాట కొట్టిపారేయలేదు. ఆంధ్రాలో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాల్లో స్పెషల్ టీచర్లు ఉంటారు, సరిహద్దుకి అటు ఉన్నవాళ్ళు తప్పకుండా వెళ్ళి చూడాలి. మాకు మాత్రం పోను పాతిక, రాను పాతిక కిలోమీటర్లు. అలసిపోయినా, నిద్ర తగ్గినా ఫిట్స్ వచ్చే పిల్లని రోజూ అంత దూరం తిప్పడానికి మనసు రాలేదు. మకాం మార్చేద్దామంటే మా ఆయన మగ్గం ఇక్కడ, పాప పింఛను ఇక్కడ.

ఈ బడిలో మొదటి రోజే తేడా తెలిసింది. నేను ఫైలు తీయబోతుంటే టీచర్, ఇక్కడ అందరూ దీదీ అంటారు, "తర్వాత చూద్దాం" అని చాప మీద పాప పక్కన కూర్చున్నారు. ఏ వైపు తిప్పి కూర్చోబెడితే మెడ నిలుపుతుంది? ఏం తింటుంది, ఎంతసేపు తింటుంది? ఇష్టమైనది ఏమిటి? వద్దు అని ఎలా చెబుతుంది? ఈ చివరి ప్రశ్న మమ్మల్ని అంతకుముందు ఎవరూ అడగలేదు. వద్దనుకుంటే కుడిచెయ్యి బిగబట్టి ముఖం తిప్పేసుకుంటుందని చెప్పాను. దీదీ అది నోట్‌బుక్‌లో రాసి, ఆయాని పిలిచి, ఇలా చేస్తే ఆపేయాలి అని చెప్పారు.

ఇష్టమైనది అంటే ఎర్ర పట్టు దారం కండె. ఇంట్లో కండెలు చుడుతుంటే అటే చూసేది, మేము ఊరికే అనుకునేవాళ్ళం. దీదీ మర్నాడు ఒకటి తెమ్మన్నారు. బల్ల మీద నల్లగుడ్డ పరిచి, ఫ్యాను ఆపి, చుట్టూ ఉన్న బొమ్మలన్నీ తీసేసి, కండెని ఎడమవైపు నుంచి నెమ్మదిగా కదిపారు. పాప చూడలేదు. నేను "చిట్టీ, ఇటు" అనబోతే నోటి మీద వేలు పెట్టుకుని ఆగమన్నారు. చాలాసేపు ఆగారు. అప్పుడు పాప కళ్ళు కండె మీదికి వచ్చాయి, ఒక్క క్షణం నిలిచాయి, మళ్ళీ పక్కకి వెళ్ళిపోయాయి. చూపు పక్కకి పోయాక చెయ్యి ముందుకొచ్చి కండెని తాకింది. సీవీఐ ఉన్న చాలామంది పిల్లలు ఇలాగే చూస్తారట. చూడటం, అందుకోవడం రెండూ ఒకేసారి చేయలేరు. ఎరుపు, పసుపు రంగులు, నెమ్మదిగా కదిలే వస్తువులు ముందు కంటికి ఆనతాయి. గోలగా ఉన్న గదిలో, గళ్ళ దుప్పటి మీద పెట్టిన బొమ్మ వాళ్ళకి కనిపించదు. ఇంటికి వచ్చి పాప పక్క మీద పూల దుప్పటి ఆ రోజే మార్చేశాను.

ఇప్పుడు తనకి రోజంతా వస్తువులతో కేలండర్ ఉంది. అట్టపెట్టెలో వరుసగా గదులు. మొదటి గదిలో ఉయ్యాల తాడు ముక్క, తర్వాత చెంచా, తర్వాత తువ్వాలు ముక్క, చివర కండె. తాడు ముట్టుకుని ఉయ్యాల దగ్గరికి, చెంచా ముట్టుకుని అన్నానికి. కండె అంటే ఇంటికి. చూపు, వినికిడి రెండూ తక్కువగా ఉన్న పిల్లలకి వాడే పద్ధతి ఇది. మాట రాని పిల్లకి తరవాత ఏం జరగబోతుందో ముందే తెలియడం ఎంత పెద్ద సంగతో నాకు ఇక్కడే అర్థమైంది. ఎత్తుకోగానే భయపడి బిగుసుకుపోయేది, ఇప్పుడు చాలావరకు తగ్గింది.

అన్నం పెట్టే పద్ధతి కూడా చెప్పాలి. చాలా ఇళ్ళల్లో ఇలాంటి పిల్లల్ని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోస్తారు. అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చే ప్రమాదం ఉంది. ఇక్కడ నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా పట్టుకుని, చోడిజావ చిక్కగా కాచి, ఒక చెంచా మింగాకే రెండో చెంచా పెడతారు. నీళ్ళు కూడా కొంచెం చిక్కగా చేసి ఇస్తారు. మాఉసి (ఆయాని ఇక్కడ అలా పిలుస్తారు) ఎంత ఓపికగా పెడుతుందో చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. పొలమారడం బాగా తగ్గింది.

ఒకసారి బడిలోనే ఫిట్స్ వచ్చింది, నేను అక్కడే ఉన్నాను. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం లాంటివి ఎవరూ చేయలేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టారు, తల కింద మెత్తగా పెట్టారు, ఒకరు గడియారం చూస్తూ నిలబడ్డారు. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టాల్సిన మందు, డాక్టర్ రాసిన చీటీ రెండూ పాప సంచీలోనే ఉంటాయని అందరికీ తెలుసు. నాకున్న టెన్షన్ సగం ఆ రోజే పోయింది.

బడిలో మాట ఒడియా. ఇంట్లో మాది తెలుగు. ఆకలి, చాలు, నొప్పి, పద లాంటి మన తెలుగు మాటలు ఒడియా లిపిలో రాయించుకుని గోడకి అంటించారు, పాపతో ఆ మాటలే వాడతారు. భాష గురించి భయపడేవాళ్ళకి ఇది చెబుతున్నాను.

లోపాలు లేవని చెప్పను. ఫిజియోథెరపిస్ట్ వారానికి ఒక్కసారే వస్తారు, ఇలాంటి పిల్లకి అది చాలదు. స్పీచ్ థెరపిస్ట్ అసలు లేరు. బాత్రూంలో పెద్ద పిల్లని పడుకోబెట్టి బట్టలు మార్చడానికి బల్ల లేదు, నేల మీదే మారుస్తారు. పిల్లకీ ఇబ్బందే, మాఉసి నడుముకీ ఇబ్బందే. దీని గురించి నేను అడుగుతూనే ఉన్నాను, ఇంకా చేయలేదు. వ్యాన్ మా సందులోకి రాదు, మెయిన్ రోడ్డు దాకా ఎత్తుకెళ్ళాలి. పాప బరువు పెరుగుతోంది, అది ఎన్నాళ్ళు కుదురుతుందో తెలియదు. ఫీజు లేదు కానీ వ్యాను, డైపర్లు మా ఖర్చే.

ఖర్చు విషయంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా తీసుకోండి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకి ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీలకి కూడా కొంత ఇస్తారు, ముందే జబ్బు ఉందని కాదనరు. బిల్లులు దాచుకోవాలి. యూడీఐడీ, అంటే వికలాంగుల గుర్తింపు కార్డు చేయించుకుంటే దేశమంతా చెల్లుతుంది, రేపు రాష్ట్రం మారినా పనికొస్తుంది. పిల్లకి ఏమేం ఉన్నాయో ఒకేచోట పరీక్ష చేయించాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టిన జాతీయ సంస్థ మనకి వీలు, అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. బహుళ వైకల్యం కోసమే పెట్టిన జాతీయ సంస్థ చెన్నై దగ్గర ముట్టుకాడులో ఉంది. మాకు సికింద్రాబాద్ రిపోర్టు ఇక్కడ చాలా పనికొచ్చింది. దీదీ దాన్ని మొత్తం చదివి, అర్థం కానివి ఫోన్ చేసి అడిగారు.

మీరు ఏ బడికి వెళ్ళినా అన్నాలవేళకి వెళ్ళండి. ఎలా తినిపిస్తున్నారో, ఎలా ఎత్తుతున్నారో, బట్టలు ఎక్కడ మారుస్తున్నారో కళ్ళారా చూడండి. లోపలికి రావద్దంటే ఆ బడి వద్దు. టీచర్‌కి ఆర్‌సీఐ (స్పెషల్ టీచర్లని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. మా బడికి వచ్చేవాళ్ళు వేసవిలో అయితే పొద్దున్నే రావాలి, అప్పుడు ఒంటిపూట బడి. ఆధార్, యూడీఐడీ, మందుల చీటీలు జిరాక్సులు తెచ్చుకోండి, వాటితోపాటు పిల్లకి బాగా ఇష్టమైన వస్తువు ఒకటి సంచీలో వేసుకోండి. దీదీ ముందు దాన్నే అడుగుతారు.