వేసవి సెలవులకు ఆల్ప్స్ సైక్లింగ్ ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

స్విట్జర్లాండ్ ఆల్ప్స్ పర్వతాల్లో సైక్లింగ్, హైకింగ్ చేయిస్తామంటూ అమీర్‌పేటలోని ఒక ట్రావెల్ ఏజెన్సీ అమ్మిన ప్యాకేజీ తీసుకుని, మా కుటుంబం మే మొదటి వారంలో గ్రిండెల్‌వాల్డ్ వెళ్ళి వచ్చింది. బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో వేసిన రెండు కార్యక్రమాల్లో ఒక్కటీ జరగలేదు. జరగవన్న సంగతి ఆ తేదీలు ఖరారు చేసిన నాడే వారికి తెలిసి ఉండాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

వాటిలో ఒకటి, 2,168 మీటర్ల ఎత్తున ఉన్న ‘ఫస్ట్’ కేబుల్ కార్ స్టేషన్ నుంచి బాఖాల్ప్‌జే సరస్సు దాకా సుమారు గంట నడక. బ్రోషర్ ఫోటోలో ఆ సరస్సు నీళ్ళలో మంచు శిఖరాలు అద్దంలో లాగా కనిపిస్తాయి. మేము పైకి చేరేసరికి దారి మూసి ఉంది. దారి చూపే పసుపు బోర్డుల స్తంభాలు సగం దాకా మంచులో కూరుకుపోయి ఉన్నాయి. రెండోది, 1,962 మీటర్ల గ్రోస్ షైడెగ్ కనుమ దాకా ఎలక్ట్రిక్ సైకిల్ ప్రయాణం. ప్రైవేటు కార్లను అనుమతించని రోడ్డు కావడంతో సైక్లిస్టులు దానిని ఎంతగానో ఇష్టపడతారు. సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణదారు పైభాగంలో మంచు ఇంకా తొలగించలేదని మర్యాదగానే చెప్పి, మా వోచర్ తిరిగి ఇచ్చేశారు.

డబ్బు వాపసు అడిగితే ‘వాతావరణం మా చేతుల్లో లేదండీ’ అన్నది ఏజెన్సీ జవాబు. ఇది వాతావరణం కాదు, ఏటా వచ్చే సీజన్. ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరు దాకా ఆల్ప్స్‌లో స్కీయింగ్ ముగిసి, ఎత్తైన చోట్ల నడక దారులు ఇంకా తెరుచుకోని కాలం. చాలా కేబుల్ కార్లను వార్షిక మరమ్మతుల కోసం ఆపేది కూడా అప్పుడే. ఫుర్కా, గ్రిమ్సెల్ వంటి కనుమలు సాధారణంగా మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు. మన బడుల సెలవులు సరిగ్గా ఆ వారాల్లోనే పడతాయి కనుక హైదరాబాద్ కుటుంబాలకు ఈ ప్యాకేజీలు సులువుగా అమ్ముడుపోతున్నాయి. కొండల పైన సైకిల్ తొక్కాలన్నా, నడవాలన్నా జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి వరకు తగిన సమయం.

కేవలం దృశ్యాలు చూడటానికే అయితే మే నెల చెడ్డదేమీ కాదు. మంచు కరిగే కాలం కాబట్టి లౌటర్‌బ్రునెన్ లోయలో జలపాతాలు నిండుగా దూకుతుంటాయి. 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్‌కు కొండను తొలిచిన సొరంగంలో 1912 నుంచి నడుస్తున్న రైలు ఏడాది పొడుగునా ఉంటుంది. అయితే పర్యాటకులు రైళ్ళు, బస్సుల్లో తిరగడానికి కొనే స్విస్ ట్రావెల్ పాస్‌లోనే అన్నీ వస్తాయని ఏజెన్సీ చెప్పిన మాట అక్కడా నిలవలేదు. ఆ పాస్‌కు ఆ రైలులో రాయితీ మాత్రమే ఉంది. మిగతా సొమ్ము కౌంటర్ దగ్గర మేమే కట్టాము.

అడ్వాన్స్ ఇచ్చేముందు, ప్రతి కార్యక్రమం ఏ తేదీన, ఏ స్టేషన్ నుంచి ఉంటుందో, జరగకపోతే ఎంత వాపసు ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తేదీన దారి తెరిచి ఉంటుందా లేదా అన్నది కేబుల్ కార్ సంస్థ వెబ్‌సైట్‌లో స్వయంగా చూసుకోండి. స్విట్జర్లాండ్ వెళ్ళడానికి తీసుకునే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కానీ కొండల్లో సైక్లింగ్ ప్రమాదాలు, హెలికాప్టర్ రక్షణ అందులోకి వస్తాయో లేదో పాలసీ చదివితే తప్ప తెలియదు. టీసీఎస్ (విదేశీ ప్యాకేజీ అమ్మేటప్పుడే ఏజెన్సీ వసూలు చేసే ఆదాయపు పన్ను) పేరిట వసూలు చేసిన సొమ్ము మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ఇప్పటికే నష్టపోయినవారు వోచర్లు, రశీదులు, వాట్సాప్ సంభాషణలు చెరిపివేయకుండా ఉంచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అందుకు రెండేళ్ళ గడువు ఉంటుంది.