కోల్, బావర్, హల్ట్‌జెన్: 2011లో మీరైతే ఎవరిని తీసుకునేవారు?

అమెరికా బేస్‌బాల్‌లో మేజర్ లీగ్ జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం డ్రాఫ్ట్. 2011 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్, అంటే ఎంపికలో మొదటి వంతు, పిట్స్‌బర్గ్ పైరేట్స్‌ది. చేతికందేంత దూరంలో ముగ్గురు కాలేజీ పిచ్చర్లు (బ్యాటర్‌కి బంతి విసిరేవాళ్లు): లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీ నుంచి గెరిట్ కోల్, ట్రెవర్ బావర్ ఇద్దరూ, వర్జీనియా నుంచి ఎడమచేతివాటం డానీ హల్ట్‌జెన్.

అంకెలే చూస్తే కోల్ ఈ ముగ్గురిలో ఆఖరివాడు. ఈఆర్ఏ, అంటే ఫీల్డర్ల తప్పులతో వచ్చినవి పక్కనపెట్టి తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, ఆ సీజన్‌లో బావర్‌కి 1.25, హల్ట్‌జెన్‌కి 1.37, కోల్‌కి 3.31. బావర్ 203 స్ట్రైకౌట్లు తీశాడు, అంటే మూడు స్ట్రైక్‌లతో అంతమంది బ్యాటర్లని ఔట్ చేశాడు. కోల్ గెలిచింది 6, ఓడింది 8. ఒకే జట్టులో అంత తేడా ఉన్నా పైరేట్స్ 80 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చి మరీ కోల్‌నే తీసుకుంది.

ఎందుకంటే స్పీడ్. బంతి గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్ల దాకా వెళ్లేది. కానీ ఒక్క స్పీడే అయితే నేనూ వద్దనేవాణ్ణే, ఎందుకంటే అటూ ఇటూ కదలకుండా తిన్నగా వచ్చే బంతి ఎంత వేగంగా వచ్చినా మంచి బ్యాటర్ నాలుగు చూశాక టైమింగ్ పట్టేస్తాడు, కాలేజీలో కోల్‌ని కొట్టినవాళ్లు చేసిందీ అదే. అతని దగ్గర స్లైడర్ (పక్కకి తిరిగే బంతి), ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) కూడా ఉన్నాయి, అసలు చూడాల్సింది అక్కడ. ఛేంజప్ విసిరేటప్పుడు చెయ్యి ఫాస్ట్‌బాల్‌కి ఊపినంత జోరుగానే ఊపుతున్నాడా, లేక కాస్త నెమ్మదిస్తున్నాడా? నెమ్మదిస్తే బ్యాటర్‌కి ముందే తెలిసిపోతుంది. బంతిని ఎక్కడ వెయ్యాలో కోచ్ నేర్పగలడు. స్పీడ్ కూడా ఇప్పుడు ట్రైనింగ్‌తో కొంత పెంచుతున్నారు గానీ, 90 మైళ్లవాణ్ణి 100కి తేవడం అందరి వల్లా అయ్యే పని కాదు.

హల్ట్‌జెన్‌ని అందరూ సేఫ్ అన్నారు. కంట్రోల్ బాగుంది, మూడు రకాల బంతులు బాగా వేస్తాడు. రెండో పిక్‌గా సియాటిల్ తీసుకుంది. 2013లో భుజానికి ఆపరేషన్, మేజర్ లీగ్స్‌లో అడుగుపెట్టేసరికి 2019. గట్టిగా విసిరేవాళ్ల చెయ్యే పోతుందని అంటారు గానీ (2010లో స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అనే ఫాస్ట్ పిచ్చర్ మేజర్ లీగ్స్‌లో తన మొదటి మ్యాచ్‌లోనే 14 స్ట్రైకౌట్లు తీసి, అదే ఏడు మోచేతికి ఆపరేషన్ చేయించుకున్నాడు, నిజమే), నెమ్మదిగా విసిరితే చెయ్యి భద్రం అన్న గ్యారంటీ కూడా ఎవరూ ఇవ్వలేరు.

బావర్‌కి 2020లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది, కాబట్టి మూడో పిక్‌గా అతన్ని ఎంచుకున్న అరిజోనా చూపు తప్పని అనను, వాళ్లు రెండేళ్లు తిరక్కుండానే వదిలేసుకోవడమే విడ్డూరం. కోల్‌కి 2023లో వచ్చింది.

నా ఓటు కోల్‌కే. 2023 డ్రాఫ్ట్‌లో వచ్చిన కాలేజీ పిచ్చర్ పాల్ స్కీన్స్ లాంటివాడు దొరికితే, అంటే 100 మైళ్ల స్పీడూ 1.69 ఈఆర్ఏ రెండూ ఉంటే, చర్చే లేదు, ఆ పిక్కూ పైరేట్స్‌దే. ఫాస్ట్‌బాల్ తప్ప రెండో బంతి లేని కుర్రాడైతే మాత్రం మొదటి రౌండ్‌లో ముట్టుకోను. మూడో రౌండ్ దాకా మిగిలితే రిలీవర్‌గా, అంటే మ్యాచ్ మధ్యలో దిగి కాసేపే విసిరేవాడిగా, తీసుకుంటా, ఒక్క ఇన్నింగ్స్‌కి ఆ స్పీడ్ చాలు.