మధ్యాహ్నం రెండింటికి మూసేసే నది

ముందు డబ్బు సంగతి చెప్పేస్తే నా మనసు కాస్త కుదుటపడుతుంది. అమెరికాలోని మోంటానాలో గైడ్‌తో, పడవతో ఇద్దరికి పూర్తి రోజు ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కట్టిన ఎరతో (దాన్నే ఫ్లై అంటారు) చేపలు పట్టడం, 650 డాలర్లు, సగం రోజు 525 అని మాకు చెప్పారు. బావగారూ నేనూ పూర్తి రోజుకే కట్టాం. మధ్యాహ్నం రెండయ్యేసరికి గాలాలు చుట్టేసి ఒడ్డెక్కాం. తేడా 125 డాలర్లు తిరిగి ఇమ్మంటే, బుకింగ్ ఆఫీసువాళ్లు "నీళ్ల పరిస్థితికి మాది పూచీ కాదు" అన్నారు.

నీళ్ల పరిస్థితి వాళ్లకు తెలియనిదైతే నేనూ నోరు మూసుకునేవాణ్ణే. మేం దిగింది బోజ్‌మన్ ఊరి దగ్గరి లోయర్ మాడిసన్, అంటే మాడిసన్ నది దిగువ భాగం. పైన ఎనిస్ లేక్ అని లోతు లేని చెరువు ఒకటుంది. ఎండకు అది కాగుతుంది, ఆ నీళ్లే డ్యామ్ దాటి ఇటు వస్తాయి. నది 73 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 23 సెల్సియస్, వరసగా మూడు రోజులు తాకితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టకూడదని మోంటానా ప్రభుత్వం ఆంక్ష పెడుతుంది. అక్కడ దీన్ని హూట్ ఔల్ అంటారు. రూల్‌తో నాకు పేచీ లేదు. ట్రౌట్ చల్లనీళ్ల చేప. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, గాలానికి పడి పెనుగులాడిన చేపను జాగ్రత్తగానే వదిలినా తర్వాత చచ్చిపోవచ్చు. నా గొడవల్లా, మా బుకింగ్ నాటికే ఆంక్ష అమల్లో ఉంది. అయినా పూర్తి రోజని అమ్మి, తీరిగ్గా ఎనిమిదిన్నరకు రమ్మన్నారు. కారు ఒకచోట వదిలి, పడవ ఇంకోచోట దించేసరికి తొమ్మిదిన్నర. అందులోనే లంచ్.

గైడ్ కుర్రాడు మాత్రం బంగారం. ఫ్లై నీటి వేగంతోనే కొట్టుకుపోవాలని, లైన్ లాగితే ఫ్లై వెనక గీత పడుతుందని, ఆ గీత చూస్తే చేప రాదని ఓపిగ్గా చెప్పాడు. అడుగున దొర్లేలా, రొయ్య లాంటి క్రేఫిష్ ఆకారపు ఫ్లై కట్టిచ్చాడు. బావగారికి రెండు బ్రౌన్ ట్రౌట్లు పడ్డాయి. ఒంటిగంటకు థర్మామీటర్ దారం కట్టి నీళ్లలో వదిలి, తీసి చూపించాడు: 71. "ఇంకో గంట టైముంది గానీ, ఇక వద్దు సార్" అని తనే అన్నాడు. అప్పటికే నది నిండా గాలి ట్యూబుల్లో పడుకుని, బీరు డబ్బాలతో, స్పీకర్లతో జనం తేలుతూ వస్తున్నారు. వేసవి మధ్యాహ్నాల్లో లోయర్ మాడిసన్ వాళ్లది. ఒకడు బావగారికి డబ్బా ఊపి చూపించాడు. ఆయన ముఖం మాడిపోయి ఉంది. గైడ్‌కు 120 టిప్ ఇచ్చాం, ఆఫీసు తప్పుకు అతనేం చేస్తాడు?

ఎల్లోస్టోన్ పార్కు గేటు దగ్గరి ఊరు వెస్ట్ ఎల్లోస్టోన్‌లో దిగాం, మోటెల్ రాత్రికి పన్నుతో 312. ఏసీ లేదు, కిటికీ సగమే తెరుచుకుంటుంది. ఊరు 6,666 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి రాత్రి దుప్పటి కప్పుకోవాల్సిందే, సాయంత్రం ఆరింటికి మాత్రం ఆ గదిలో కూర్చోలేం. మాతో వచ్చిన అక్క మాట్లాడటం మానేసింది.

ఇంత చిరాకులోనూ ఈ ట్రిప్‌ను నిలబెట్టింది హెబ్‌గన్ లేక్. ఊళ్లో ఒక ఫ్లై షాపులో మూడు ఫ్లైలు కొన్నందుకు అక్కడి పెద్దాయన కాగితం మీద మ్యాప్ గీసి, చెరువులో చేయిలా చొచ్చుకొచ్చిన మాడిసన్ ఆర్మ్ అనే పాయకు తెల్లారేసరికి వెళ్లండి, గాలి లేచాక పని లేదు అన్నాడు. చిన్న పడవ సగం రోజుకు 160. నీళ్లు అద్దంలా ఉన్నాయి. కాసేపటికి ట్రైకో అనే బుల్లి పురుగులు, వీధిదీపం కింద రాలిన ఉసిళ్లలా, నీటి మీద పరుచుకున్నాయి. అప్పుడు వినిపించింది: గుబుక్. రెండడుగులు అవతల మళ్లీ గుబుక్. చేప ఒకే దారిలో ఈదుతూ, పైకి మూతి పెట్టి పురుగుల్ని మింగుకుంటూ పోతోంది. అది లేచిన చోట వేస్తే దండగ, తర్వాత ఎక్కడ లేస్తుందో అంచనా కట్టి ముందుగా వేయాలి. పురుగు బియ్యపు గింజంత కూడా ఉండదు కాబట్టి 20 నంబరు ఫ్లై, సన్నటి 5ఎక్స్ దారం. చాలాసేపు అవి మా ఫ్లై పక్కనున్న అసలు పురుగునే తిన్నాయి. చివరికి ఒక ముక్కు నా ఫ్లై కిందే లేచింది, రీలు కీచుమంది. పద్దెనిమిది అంగుళాల రెయిన్‌బో ట్రౌట్. పదకొండుకు గాలి లేచింది, నీళ్లు ముడతలు పడ్డాయి, అంతే, ఆట బంద్. ఆగస్టులో వెళ్లేవాళ్లు గైడ్‌కు పోసే డబ్బులో పావు వంతు ఈ చెరువు మీద పెట్టండి. నది మీద గైడ్ కావాల్సిందే అంటే ఉదయం ఐదున్నరకు మొదలుపెట్టేవాళ్లనే చూసుకోండి, మధ్యలో ఆపాల్సొస్తే ఎంత తిరిగిస్తారో ఈమెయిల్లో రాయించుకోండి.

లైసెన్సులు రెండు కావాలి. మోంటానాది ఐదు రోజులకు అన్నీ కలిపి 73 డాలర్ల 50 సెంట్లు అయింది. అది పార్కులో చెల్లదు. ఎల్లోస్టోన్ పర్మిట్ వేరే, మూడు రోజులకు 40. పార్కులో ఫెల్ట్ అడుగున్న బూట్లు నిషేధం, గాలం కొనకు చేప జారిపోకుండా ఉండే వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు. ఫైర్‌హోల్ నదిని ఫొటో తీసుకుని వదిలేయండి. వేడినీటి ఊటలు కలిసే ఆ నదిలో ఆగస్టులో ట్రౌట్‌ను వేధించడం పాపం.

పార్కులోనే లామార్ లోయ వైపు రెండు గంటల పైనే డ్రైవ్. సోడా బ్యూట్ క్రీక్ గడ్డి గట్ల వెంట మిడత ఆకారపు ఫ్లై వేస్తే కట్‌త్రోట్ అనే ట్రౌట్ వస్తుంది, అయితే నింపాదిగా వస్తుంది. నోరు తెరవగానే లాగితే పోయినట్టే, మూసేదాకా ఆగాలి. బావగారు లాగీ లాగీ మూడు పోగొట్టుకున్నారు. ఇంతలో ఒక బైసన్ (అడవిదున్న లాంటిది) వచ్చి మా మడుగు పక్కనే పడుకుంది. పాతిక గజాల దూరం పాటించాలి, దాన్ని లెమ్మనలేం, మేమే పైకి నడిచాం. అక్కడ పడింది ఆయనకు, దవడ కింద ఎర్రగీతతో. అక్క ఫొటో తీసి, "ఇంత ఖర్చు పెట్టింది వదిలేయడానికా?" అంది. కట్‌త్రోట్ అక్కడి సొంత చేప, వదలాల్సిందే. ఎల్లోస్టోన్ లేక్‌లో 1994లో బయటపడ్డ లేక్ ట్రౌట్ వాటిని తినేస్తోంది కాబట్టి, అది పడితే మాత్రం చంపి తీరాలని రూలని చెప్పాను. అక్క మొదటిసారి ఆసక్తిగా, ఎక్కడ పడుతుందని అడిగింది. వేసవిలో అది చెరువు అడుగుకు దిగిపోతుంది, ఒడ్డున నిలబడి వేసే ఫ్లైకి అందదు అన్నాను.

"మీ తమ్ముడు చూపించే చేపలన్నీ ఇంతే" అన్నారు బావగారు, రాడ్ విప్పుతూ.