బీస్క్‌లో చన్నీళ్లు, స్రోస్త్కీలో శుక్షిన్ ఇల్లు

మా అబ్బాయి రష్యాలోని బర్నౌల్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. జూలైలో వాడిని చూడ్డానికి వెళ్లి, పనిలో పనిగా రష్యన్ రచయిత, సినిమా దర్శకుడు, నటుడు వసీలీ శుక్షిన్ పుట్టిన ఊరు స్రోస్త్కీ కూడా చూడాలని నేనే పట్టుబట్టాను. బీస్క్ పట్టణం దాకా బస్సులో హాయిగా వెళ్లాం. టెన్షన్ అంతా బసలోనే.

రాత్రికి 3,200 రూబుళ్ల చొప్పున రెండు రాత్రుల డబ్బు ముందే కట్టించుకున్నారు. కుళాయి తిప్పితే ఐసు నీళ్లు! వేసవిలో పైపుల పనుల కోసం రెండు వారాల దాకా వేణ్ణీళ్లు ఆపేస్తారట. ఊళ్లోవాళ్లకి ఆ సంగతి ముందే తెలుసు. మాకు మాత్రం డబ్బు తీసుకునేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు. బకెట్ అడిగితే నేల తుడిచేది తెచ్చిచ్చారు. కెటిల్‌లో నీళ్లు కాచుకుని స్నానాలు చేశాం. రెండో రాత్రి డబ్బు వెనక్కివ్వమంటే కుదరదన్నారు. మా ఆవిడ నాతో మాట మానేసింది. వేసవిలో వెళ్లేవాళ్లు గీజరుందో లేదో అడక్కుండా గది తీసుకోవద్దు. మన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచేయవు, నగదు ఉంచుకోండి.

స్రోస్త్కీ అక్కడికి 36 కిలోమీటర్లు, టాక్సీకి 1,400 రూబుళ్లు. శుక్షిన్ 1929లో ఇక్కడే పుట్టాడు. పసివాడిగా ఉండగానే, 1933లో, తండ్రిని అరెస్టు చేసి కాల్చి చంపారు. 1954లో మాస్కో సినిమా స్కూలుకి బయల్దేరితే దారి ఖర్చులకి తల్లి ఆవునమ్మిందని చెబుతారు. చదివింది దర్శకత్వం, కానీ 1958 నాటికే హీరో అయ్యాడు. 1965లో తొలి నవల డబ్బుతో తల్లికి కొన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

ఆవు సంగతి విని మా ఆవిడ పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. వీడి ఫీజుకి మేం అరెకరం మాగాణి అమ్మాం. "పాలిచ్చే ఆవేనా, అడుగు నాన్నా" అంది. అబ్బాయి రష్యన్‌లో అడిగాడు. గైడు జవాబు చెప్పకుండా మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

పికెట్ గుట్ట మీద 2004లో పెట్టిన విగ్రహం తప్పక చూడాలి. శుక్షిన్ చెప్పుల్లేని కాళ్లతో నేల మీద కూర్చుని ఉంటాడు, కింద కతూన్ నది. 'కలీనా క్రాస్నయా' సినిమాని తనే రాసి, తీసి, నటించాడు. అది విడుదలైన 1974లోనే, అక్టోబరు 2న, దోన్ నది మీద షూటింగ్ బృందం ఉన్న ఓడలో నిద్రలోనే పోయాడు. 45 ఏళ్లు.

చూయా రోడ్డు పక్కన పిరోష్కీలు (లోపల కూర పెట్టిన చిన్న రొట్టెలు) ఒక్కోటి 70 రూబుళ్లు. బంగాళాదుంపవి, వేడివేడిగా, మూడేసి తిన్నాం. మా ఆవిడ ఇంకో అయిదు పొట్లం కట్టించి అబ్బాయి సంచిలో పెట్టింది.