గ్రూప్-2 హిస్టరీ, కల్చర్ కోర్సు: క్లాసులకి డబ్బులు పెట్టొచ్చు, బుక్కులకి మాత్రం వద్దు

ఏ ఇన్‌స్టిట్యూటో పేరు రాయట్లేదు, ముందే చెప్తున్నా. రాస్తే బాగుందన్న ముక్కకి పెయిడ్ రివ్యూ అంటారు, బాలేదన్న ముక్కకి పక్క ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రాయించారంటారు, నాకెందుకొచ్చిన గొడవ. ఏపీపీఎస్సీ గ్రూప్-2 నాకిది రెండోసారి, మొదటిసారి ప్రిలిమ్స్‌లో హిస్టరీ దగ్గరే కొట్టుకుపోయా. 150 మార్కుల్లో హిస్టరీకి 30, శిల్పాలు నాట్యాలు బొమ్మలు అన్నీ ఆ ముప్పైలోనే కలిపి కొడతాడు, పైగా తప్పు పెడితే మూడో వంతు కోత. అందుకే ఈసారి 4,999 కట్టి ఈ కోర్సు తీసుకున్నా. యాప్‌లో వీడియోలు, కొరియర్‌లో మూడు బుక్కులు, వారానికో టెస్టు, ఏడాది వాలిడిటీ. ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నా.

ప్రాచీన చరిత్ర చెప్పే సార్ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే నా డబ్బుల్లో సగం ఆయన దగ్గరే వసూలైపోయాయి. అశోకుడి శాసనాల క్లాసు నాలుగు గంటలు. నేను అప్పటిదాకా షాబాజ్‌గఢీ, మాన్సెహ్రా ఖరోష్ఠి లిపి, మస్కీలో అశోకుడి పేరు, బ్రాహ్మీ చదివింది ప్రిన్సెప్ 1837 అని ఎక్కాల్లాగా బట్టీ పట్టినోడినే. ఈయన ఎర్రగుడి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. కర్నూలు జిల్లాలో గుత్తికి దగ్గర్లో ఉంటుంది కదా ఎర్రగుడి, అక్కడి చిన్న శాసనంలో లిపి బ్రాహ్మీనే, కానీ కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి ఉంటాయి. సార్ బోర్డు మీద ఒక గీత ఇటు నుంచి అటు గీసి, అక్కడే మార్కర్ తిప్పి మళ్ళీ అటు నుంచి ఇటు గీసి "పొలం దున్నటం ఎప్పుడైనా చూశారా, ఇదే అది" అన్నాడు. అంతే. ఆ రాతకి గ్రీకులో ఉన్న పేరుకి అర్థం కూడా ఎద్దు తిరిగినట్టు అనేనంట. వెనక మంచం మీద పడుకున్న మా నాన్న ఫోన్‌లోంచి ఆ మాట విని "అరక తోలేటప్పుడు మేం చేసేది అదేగా, సాలు చివర ఖాళీగా వెనక్కి వస్తామా ఏంటి" అన్నాడు. ఇంక ఆ పాయింటు నేను చచ్చినా మర్చిపోను.

కల్చర్‌కి వేరే మేడమ్. ఆవిడ చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నారంట, అది క్లాసులో తెలిసిపోద్ది. సంగీత నాటక అకాడమీ లెక్కలో శాస్త్రీయ నృత్యాలు ఎనిమిది, సత్రియా 2000లో చేరింది, సాంస్కృతిక శాఖ లెక్కలో ఛౌ కూడా కలిపి తొమ్మిది, ఇదంతా ఎవరైనా చెప్తారు. మేడమ్ మాత్రం లేచి నిలబడి చేసి చూపించారు. మోకాళ్ళు రెండు పక్కలకి వంచి కూర్చున్నట్టు నిలబడితే భరతనాట్యం, కాళ్ళు నిటారుగా పెట్టి గిర్రున తిరిగితే కథక్, మెడ నడుం మోకాలు మూడు చోట్ల ఒంపు తిరిగితే ఒడిస్సీ. కూచిపూడికి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి చేసే తరంగం సంగతి చెప్పాక భామాకలాపం ప్రవేశం చూపిస్తానని ఇద్దరు స్టాఫ్ చేత చున్నీ అడ్డంగా పట్టించి, దాని వెనక నిలబడి తన జడ తీసి ముందుకి వేశారు. మనిషి కనపడదు, జడ ఒక్కటే వేలాడుతుంది, సత్యభామ సవాలు విసరడం అంటే అదీ అన్నారు. పట్టుకున్న కుర్రాడు నవ్వాపుకోలేక చున్నీ వదిలేశాడు, ఎడిటింగ్‌లో అది తీసెయ్యలేదు, పుణ్యాత్ములు.

రామప్ప కూడా ఈవిడే చెప్పారు. 1213, రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడి కాలం, నీళ్ళలో తేలే ఇటుకలు, 2021లో యునెస్కో, ఇవి సరే, ఆ గుడి మీది నాట్య శిల్పాలూ జాయప సేనాని రాసిన నాట్య గ్రంథం నృత్తరత్నావళీ పక్కపక్కన పెట్టి చూసుకుని నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టిన కథ చెప్తుంటే నేను నోట్స్ రాయడం ఆపేసి చూస్తూ కూర్చున్నా.

కానీ మేడమ్‌కి ఇచ్చింది మొత్తం ఆరు గంటలే. నాట్యాలకే నాలుగు అయిపోయాయి, సంగీతం నలభై నిమిషాల్లో తేల్చేశారు. హిందుస్తానీలో ధ్రుపద్, ఖయాల్ అని రెండు రకాల పాట స్లైడ్ మీద రాశారు గానీ ఒక్క ముక్క వినిపించలేదు, వినకుండా తేడా ఎట్టా తెలుస్తుంది. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాలు ఒక్కటే బాగా చెప్పారు, శుద్ధ మధ్యమంతో 36, ప్రతి మధ్యమంతో 36 అని. ఆధునిక చరిత్ర గురించి రాయడానికేం లేదు, చీరాల పేరాల, పెదనందిపాడు, పల్నాడు పుల్లరి, ఏ కోచింగ్‌లోనైనా ఇదే ఉంటుంది, ఇక్కడా ఉంది.

ఇక బుక్కులు. మొదటి రెండూ పర్లేదు. మూడోది, కల్చర్ బుక్కు, దాన్ని ఎవరు రాశారో ఎవరు చూశారో దేవుడికే తెలియాలి. చిత్రకళల చాప్టర్ మొత్తం బ్లాక్ అండ్ వైట్. చేర్యాల నకాషీ బొమ్మకి ఎర్రటి నేపథ్యమే గుర్తు, అది జెరాక్సు బూడిద రంగులో వేసి కింద "శైలిని గుర్తించండి" అని ప్రశ్న! కలంకారీ అయితే తడిసిన పేపర్ లాగా ఉంది. వార్లీ ఒక్కటే బతికిపోయింది, దానికి ఎట్టాగూ తెల్ల గీతలే కాబట్టి.

అసలు కోపం వచ్చింది 63వ పేజీలో. ఏటికొప్పాక బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారంట, కొండపల్లి బొమ్మలు అంకుడు చెక్కతో అంట. తిరగేసి వేశారు. మాది విజయవాడ పక్కనే, ప్రతి సంక్రాంతికీ మా ఇంట్లో బొమ్మల కొలువులో కొండపల్లి దశావతారాలు ఉంటాయి, అయినా ప్రింటులో చూసేసరికి నాకే డౌట్ వచ్చి ఆదివారం బస్సెక్కి కొండపల్లి బొమ్మల కాలనీకి పోయా. అక్కడ ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని ఏనుగు తొండం చెక్కుతున్నాడు. పొణికి ముక్క నా చేతిలో పెట్టాడు, బెండు లాగా అసలు బరువే లేదు. చేతులు, తల, తొండం అన్నీ విడివిడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. "ఏటికొప్పాకోళ్ళది వేరే బాబూ, వాళ్ళు మిషను మీద తిప్పుతా లక్క పట్టిస్తారు" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు, తరిమెన, అంటే ఆ తిప్పే మిషను, పట్టే పని కాబట్టే ఏటికొప్పాకవి అన్నీ గుండ్రంగా, నున్నగా ఉంటాయి. చెక్క పేరు మర్చిపోయినా బొమ్మ ఆకారం గుర్తొస్తే చాలు. ఈ ఒక్క వాక్యం బుక్కులో రాయడానికి ఏం పోయింది వాళ్ళకి.

టెస్టులది ఇంకో కథ. ఇంగ్లీష్‌లో తయారుచేసి మిషన్‌తో తెలుగులోకి తిప్పినట్టున్నారు. చోళుల కంచు విగ్రహాల మీద ప్రశ్నలో "లాస్ట్ వాక్స్"ని "కోల్పోయిన మైనపు పద్ధతి" అని ఇచ్చారు. మైనం ఎక్కడ కోల్పోయాడండీ, చోళుడు ఏమన్నా బస్సులో మర్చిపోయాడా. మైనంతో బొమ్మ చేసి పైన మట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగి బయటికి పోద్ది, ఆ ఖాళీలో లోహం పోస్తారు, మొహెంజొదారో నాట్యగత్తె బొమ్మ కూడా అట్టా పోసిందే. తెలుగు మీడియం వాళ్ళు ఆ ప్రశ్న చదివి ఏం అర్థం చేసుకోవాలి?

కస్టమర్ కేర్‌కి 63వ పేజీ ఫొటో తీసి మూడుసార్లు పంపా. రెండుసార్లు "మీ ఫీడ్‌బ్యాక్ మాకు విలువైనది" అని వచ్చింది, మూడోసారి వాలిడిటీ పెంచుకోవాలంటే 999 కట్టమని లింకు వచ్చింది. నేను అడిగిందేంటి, వీళ్ళు పంపిందేంటి.

తీసుకునేవాళ్ళకి నా సలహా, వీడియోలు మాత్రమే ఉన్న ప్యాక్ 3,200కి ఉంది, లిస్టులో బాగా కిందకి పెట్టారు, వెతికి అది తీసుకోండి. ప్రాచీన చరిత్ర, నాట్యాల క్లాసులు కచ్చితంగా చూడండి, రెండేసి సార్లు చూసినా తప్పులేదు. బుక్కు బదులు తెలుగు అకాడమీ పుస్తకాలు పెట్టుకోండి, బొమ్మలకి ఫోన్‌లో కలర్ ఫొటోలు సేవ్ చేసుకుంటే చాలు. సంగీతానికి వేరే దారి చూసుకోవాల్సిందే.

ఐదుకి నా మార్కు క్లాసులకి నాలుగున్నర, కల్చర్ బుక్కుకి ఒకటి, ఆ ఒకటి కూడా బైండింగ్ గట్టిగా ఉన్నందుకు. నిన్న యాప్‌లో కొత్త ఎడిషన్ పీడీఎఫ్ పెట్టారంటే ఆశగా తెరిచా. కవర్ మారింది. 63వ పేజీలో ఏటికొప్పాక ఇంకా పొణికితోనే చేస్తున్నారు.